బోథ్‌లో ఒక నల్ల కాంటెస్సా

సెలవు పెట్టి ఎక్కడికి పోయారని స్టాఫ్ రూములో అడిగితే బోథ్ అని చెప్పాను. కుంటాల జలపాతం చూశారా అన్నారు. చూడలేదు. పొచ్చెర? అదీ చూడలేదు. మరి ఏం చూశారంటే ఒక కారును చూశాం అన్నాను. అందరూ కాసేపు నా మొహం చూసి మళ్లీ టీ తాగడం మొదలుపెట్టారు. ఆ రోజు వాళ్లకు చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను.

కరీంనగర్

మా ఆయన పేరు గంగారాం. పెళ్లయిన కొత్తలో కరీంనగర్ నుంచి జగిత్యాలకు అద్దె జీపు నడిపేవాడు. తర్వాత డ్రైవర్ వీసా మీద గల్ఫ్ పోయి, పదకొండేళ్లుండి, నిరుడు తిరిగొచ్చాడు. అక్కడ ఒక షేకు దగ్గర పని. కార్లు కొనడం షేకు పని, వాటిని చూసుకోవడం మా ఆయన పని. ప్రతి శుక్రవారం నాకొక ఫోటో వచ్చేది. ఎర్ర ముస్టాంగ్ మీద ఒక చెయ్యి వేసి మా ఆయన. పసుపు కమారో మీద ఒక చెయ్యి వేసి మా ఆయన. మొన్నమొన్న వచ్చిన, మూడు సెకన్లలో నూరు దాటే రకం బండి మీద కూడా అదే చెయ్యి. ఆ ఫోటోలు చూసి మా ఆడబిడ్డ పెద్దపల్లిలో తమ్మునికి ఏడు కార్లున్నాయని అందరికీ చెప్పింది. నేను సరిదిద్దలేదు.

మజిల్ కార్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. బానెట్ పొడుగ్గా, ఇంజన్ పెద్దగా ఉండి, పెట్రోలు తాగడంలో ఏ మొహమాటమూ లేని పాత అమెరికా కారును అలా అంటారట. ఏ బండికి ఎంత హార్స్ పవరో మా ఆయన నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మా అమ్మాయి ఇంటర్‌లో ఏ గ్రూపు చదువుతోందో మాత్రం నన్ను రెండుసార్లు అడిగాడు. అలాంటి బండి ఒకటి సొంతంగా ఉండాలనేది ఆయన కోరిక. అమెరికా కారు మన వల్ల కాదు కాబట్టి, మన దేశంలో దానికి దగ్గర చుట్టం కాంటెస్సా అని తేల్చుకున్నాడు. పాత కార్ల పిచ్చోళ్ల వాట్సాప్ గ్రూపులో బోథ్ నుంచి ఒక ఫోటో వచ్చింది. రేకుల షెడ్డులో నల్ల కాంటెస్సా, అమ్మకానికి.

నావి నాలుగు అభ్యంతరాలు. ఇంట్లో స్కూటీ ఉంది. పెట్రోలు ధర ఉంది. ఈ వయసులో సోకు ఎందుకని. నాలుగోది, మా గేటు వెడల్పు చాలదు. అక్కడికి పోతే ఎదురుగా నిలబడి ఆపవచ్చని నేనూ బయల్దేరాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి బస్సులో నాకు సున్నా టికెట్టు, ఆయనకు నిండు టికెట్టు. ఈ ప్రయాణంలో నాకు కలిసొచ్చిన మొదటి విషయం అదే.

ఖానాపూర్

మెట్‌పల్లి దాటి గోదావరి బ్రిడ్జి మీదుగా ఖానాపూర్ చేరేసరికి మధ్యాహ్నమైంది. గల్ఫ్‌లో మా ఆయనతో ఒకే రూములో ఉన్న లచ్చన్న ఇల్లు అక్కడుంది. ఇప్పుడు పసుపు, మక్కలు పండిస్తున్నాడు. వాళ్లింట్లో జొన్నరొట్టె, గోదావరి చేప పులుసు పెట్టారు. మా వైపు చేపల పులుసులో చింతపండు గట్టిగా పోస్తాం. వీళ్లు పచ్చి మామిడికాయ వేశారు. నేను రెండోసారి వడ్డించుకున్నాను.

మా ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు లచ్చన్నతో మాట కలపడానికని అడిగాను. "ఆడ ఏ కారు నడుపుతుంటే బాగుంటుండె అన్నా?"

లచ్చన్న రొట్టె తుంచడం ఆపాడు. "అన్న నీకు జెప్పలేదా వదినా? గాడ మమ్ములను తాళం ముట్టనియ్యరు. హాల్ల కార్పెట్ ఉంటది, పొగ రావద్దు. నలుగురం గలిసి నూకుడే. గీ గోడకాన్నుంచి గా గోడదాంక. షేకు దోస్తులు వస్తే ఎర్రది ముందటికి, ఆళ్లు పోయినంక నల్లది ముందటికి."

"మరి నడుపుడు?"

"నడిపెటోళ్లు వేరే ఉంటరు. మేం నూకెటోళ్లం."

డ్రైవర్ వీసా మీద పోయిన మనిషి పదకొండేళ్లు కార్లు తోశాడు. ఏ బండి ఎంత బరువో భుజం పెట్టి చెప్పగలడట. ఎర్ర ముస్టాంగ్ ఇంజన్ చప్పుడు మాత్రం ఒక్కసారే విన్నారట, అది కూడా తలుపులు మూశాక, బయటి నుంచి. ఫోటోల్లో కారు మీద చెయ్యి ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది. అది సోకు కాదు, డ్యూటీ.

కంచం ముందు కూర్చుని నాకు చాలా కోపం వచ్చింది. మొదట చెప్పనందుకు మా ఆయన మీద. తర్వాత ఆ షేకు మీద. చివరికి పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నడపడం ఎట్లా ఉంది అని అడగని నా మీద. చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన మా ఆయన మా ఇద్దరి మొహాలు చూసి, విషయం తెలిసిపోయిందని గ్రహించి, పులుసు బాగుందన్నాడు. బాగుందన్నాను. నా నాలుగు అభ్యంతరాల్లో మూడు అక్కడే పోయాయి. గేటు వెడల్పు ఒక్కటి మిగిలింది.

నిర్మల్

మర్నాడు నిర్మల్‌లో బస్సు మారే సందులో బొమ్మల దుకాణానికి పోయాం. పెద్దాయన పొనికి చెక్కతో చేసిన సీతాఫలానికి రంగు వేస్తున్నాడు. నిజం పండనుకుని నేను వాసన చూశాను. రంగు వాసన వచ్చింది. మా ఆయన అల్మారాలో ఉన్న ఒక చిన్న చెక్క కారును తీసి, అరచేతిలో పెట్టుకుని, వెనక నుంచి వేలితో మెల్లగా తోశాడు.

"బానెట్ ఇంకింత పొడుగుండాలె," అన్నాడు.

"మా తాతకాన్నుంచి గింతే," అన్నాడు పెద్దాయన, తల ఎత్తకుండా.

"కార్లు ఎక్కువ చెయ్యవా కాకా?"

"చేస్తే ఏం లాభం? పోరలు మూడొద్దులల్ల చక్రాలు పీకుతరు. సీతాఫలం జేస్తే పీకెటందుకు ఏమ్ముంటది?"

ఆ మాటకు ఎదురు చెప్పలేక మూడు వందల యాభైకి సీతాఫలం కొన్నాం. నాలుగు వందలన్నది, నేను లెక్కల టీచర్నని తెలిశాక తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఘాట్ ఎక్కుతుంటే టేకు చెట్లన్నీ ఆకులు రాల్చి నిలబడ్డాయి. కోతులు రోడ్డు పక్కన కూర్చుని బస్సుల్ని లెక్కపెడుతున్నట్టున్నాయి. మా ఆయన బయటికి చూడలేదు. బస్సు డ్రైవర్ గేరు మార్చినప్పుడల్లా ఆయన ఎడమ చెయ్యి మోకాలి మీద కదిలింది. ఘాట్ దిగేదాకా నేను ఆ చేతినే చూశాను.

బోథ్

కారు యజమాని ఎస్తేరమ్మ, రిటైరైన నర్సు. మెథడిస్టు చర్చి దగ్గర ఇల్లు. తెల్ల చీర, ఇంజక్షన్ ఇచ్చేముందు మాట్లాడినట్టు పొట్టి మాటలు. వందనాలు చెప్పి, కూర్చోబెట్టి, పోపు అటుకుల మీద సేవ్, అంటే సన్న కారప్పూస, చల్లి పెట్టింది. మాకు పొద్దున ఇడ్లీ లేకపోతే రోజు మొదలుకాదు. ఇక్కడ మహారాష్ట్ర గాలి తగిలి అందరి ఇళ్లలో అటుకులే. హోటల్లో ప్లేటు ముప్పై రూపాయలు, ఎస్తేరమ్మ చేసినంత బాగుండవు.

షెడ్డు తలుపు తీశారు. కాంటెస్సా నల్లగా, నిండుగా, తళతళలాడుతూ ఉంది. మా ఆయన నేరుగా పోయి కారు వెనకాల నిలబడి, రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి, భుజం వంచాడు. ముందుకు పోవాలని, తలుపు తెరవాలని, సీట్లో కూర్చోవాలని ఆయనకు తట్టలేదు.

"ఆగు బిడ్డా," అంది ఎస్తేరమ్మ. "పెండ్లి మూడొద్దులకుంది. గిప్పుడే నూకుతవేంది?"

మా ఆయన కాలినట్టు చేతులు తీసేశాడు.

అప్పుడు తెలిసింది సంగతి. ఈ కారు ఎస్తేరమ్మ భర్తది. ఆయనున్నన్నాళ్లూ వాళ్ల సంఘంలో ప్రతి పెళ్లికూతుర్నీ ఇందులోనే చర్చికి తీసుకుపోయేవాడు. ఆయన పోయాడు, ఆ ఏడాదే ఇంజనూ ఆగిపోయింది. పెళ్లిళ్లు మాత్రం ఆగలేదు. పెళ్లికూతురు లోపల కూర్చుంటుంది, మేనమామలు తోస్తారు. పెద్ద మేనమామకు కుడి వెనక మూల. తోసిన ప్రతి మనిషికీ ఒక తువ్వాల, పొద్దున బగారా అన్నం. మా దగ్గర పెళ్లికొడుకు కారుకు పూలు చుట్టి, ముందర డీజే పెట్టి ఊరి చెవులు పగలగొడతారు. ఇక్కడ డప్పు మీద కీర్తనలు పాడుకుంటూ కారును తోసుకుపోతారు. ఆపడానికి బ్రేకు లేదు. చర్చి దగ్గర చక్రం ముందర రాయి పెడతారట.

రోడ్డు వెడల్పులో షెడ్డు పోతోంది. అందుకే అమ్మకం. ఎస్తేరమ్మ చెల్లెలి మనవరాలు సువార్త పెళ్లి ఆఖరిది, అది కాగానే బండి మాకు.

"నువ్వు గట్టిగున్నవు బిడ్డా. నువ్వు గూడ ఒక చెయ్యెయ్యి," అందామె మా ఆయనతో.

మా ఆయన ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు లేకపోతే ఉప్పు డబ్బా తెచ్చుకుంటాడే తప్ప నోరు తెరవడు. ఆ రోజు మాత్రం గోడ వైపు చూస్తూ చెప్పాడు. "నేను నూకనమ్మా. నడిపిస్త."

షెడ్డులో రెండు రోజులు

మర్నాటికి ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే జబ్బార్ భాయ్ వచ్చాడు. ఆయన నడుము నొప్పి మనిషి. కుర్చీలో కూర్చుని చెబితే మా ఆయన కింద పడుకుని చేశాడు. షేకు మెకానిక్కులు ఇంజన్లు విప్పుతుంటే పదకొండేళ్లు పక్కన నిలబడి చూసిన చదువు అక్కరకొచ్చింది. పెట్రోలు ట్యాంకు దించి కడిగితే మా వంటింట్లో ఆర్నెల్లకు సరిపడే కారప్పొడి అంత తుప్పు రాలింది. కార్బురేటర్ విప్పి బేసిన్లో నానేశారు. బ్రేకుల రబ్బర్లు ఆదిలాబాద్ నుంచి తెప్పించారు. వాటి గురించి నేను రెండుసార్లు అడిగాను.

"భాయ్, పహ్లే బయానా ఇయ్యి," ముందు అడ్వాన్సు ఇవ్వమని ఒకటికి మూడుసార్లు అన్నాడు జబ్బార్ భాయ్. "బండి నీది గాకముందే ఇంత గనం చెయ్యొద్దు. బయానా ఇచ్చి కాగితం రాయించుకో."

"ముందు దాని సప్పుడు ఇననియ్యి భాయ్. పైసలు యాడికి పోతయి?"

పెళ్లయ్యాకే ధర మాట్లాడదామని ఎస్తేరమ్మ ముందే చెప్పింది. మా ఆయన దాన్నే పట్టుకున్నాడు. నేనైనా గట్టిగా చెప్పవలసింది. కానీ గ్రీజు మొహంతో ఆ మనిషి అంత సంతోషంగా ఉండటం నేను పెళ్లైన కొత్తలో చూశాను, మళ్లీ అప్పుడే చూస్తున్నాను. కాగితం సంగతి ఎత్తబుద్ధి కాలేదు.

రెండో రోజు సాయంత్రం ట్రాక్టర్ బ్యాటరీ కలిపి తాళం తిప్పాడు. మొదటిసారి దగ్గింది. రెండోసారి నల్లటి పొగ వచ్చి ఎస్తేరమ్మ ఆరేసిన తెల్ల చీర మీద పడింది. మూడోసారి అందుకుంది. షెడ్డు రేకులు గడగడలాడాయి. ఇంట్లోంచి వచ్చిన ఎస్తేరమ్మ చీరను చూడలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి వింటూ ఉండిపోయింది. మా ఆయన తాళం మీద నుంచి చెయ్యి తీయలేదు.

పెళ్లి రోజు

తెల్లారి మేనమామలు కొత్త తువ్వాలలతో వచ్చారు. కారు తనంతట తాను నడుస్తుందని తెలిసి మొహాలు చిన్నబోయాయి.

"ఇంజన్ బెట్టి తీస్కపోతే మేమెందుకు మరి?" అన్నాడు పెద్ద మేనమామ పౌలు. "తువ్వాల గూడ వాపస్ ఇయ్యమంటరా?"

పెద్దల్లో మాట పెరిగింది. ఇంజన్ ఆపి తోయడమే మర్యాద అని కొందరు. మా ఆయన స్టీరింగు పట్టుకుని తల వంచుకున్నాడు. ఇంకో నిమిషమైతే దిగిపోయేవాడు. అప్పుడు తెల్ల చీర, ముసుగుతో పెళ్లికూతురు సువార్త బయటికొచ్చింది. నిర్మల్‌లో బీఎడ్ చదివిన పిల్ల.

"మా అమ్మను నూకిన్రు. మా చిన్నమ్మను నూకిన్రు. నన్నన్న నడుపుండ్రి," అంది.

పెళ్లికూతురి మాట కాబట్టి రాజీ కుదిరింది. మేనమామలు వాళ్ల వాళ్ల మూలల్లో కారు మీద చేతులు వేసి పక్కన నడవాలి. మా ఆయన మొదటి గేరులో పోవాలి. ముసుగు నలగకుండా పట్టుకోవడానికి ఎస్తేరమ్మ నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది. డప్పు మొదలైంది. ఎనిమిది మంది చేతులు వేసి నడుస్తుంటే మా ఆయన కల నిజమైంది, గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో.

చర్చి మెట్ల దగ్గర కారు ఆగింది. ఈసారి రాయి అవసరం పడలేదు. మేనమామలు చేతులు తీసి తువ్వాలలతో చెమట తుడుచుకున్నారు, చెమట పట్టకపోయినా. సువార్త దిగలేదు. ముందుకు వంగి మా ఆయనతో అంది, "కాకా, గింతేనా? జర పొచ్చెర రోడ్డు దాంక పోదాం."

మా ఆయన అద్దంలో నా వైపు చూశాడు. నేను ఇరవై రెండేళ్లుగా పిల్లలకు టైముకు రావాలని చెప్పే మనిషిని. లోపల పెళ్లికొడుకు, పాస్టరు అయ్యగారు ఎదురుచూస్తున్నారు.

"పోండ్రి," అన్నాను.

ఊరు దాటగానే రెండో గేరు. శనగ చేల దగ్గర మూడు. రోడ్డు సాఫుగా సాగినచోట నాలుగు. కిటికీలోంచి గాలి కొట్టి ముసుగు నా మొహానికి చుట్టుకుంది, ఇద్దరం కలిసి విప్పుకున్నాం. సువార్త పెద్దగా నవ్వుతోంది. ఆ నల్లటి పొడుగు బానెట్ ముందర రోడ్డంతా తనదే అన్నట్టు పోతోంది. మా ఆయన కళ్లు తుడుచుకోవడం అద్దంలో కనిపించింది. నడిపేటప్పుడు కళ్లు తుడుచుకోవద్దని చెబుదామనుకున్నాను, చెప్పలేదు. నాకూ రోడ్డు సరిగ్గా కనిపించడం లేదు.

తిరిగి వస్తుంటే సగం దారిలో పెళ్లికొడుకు తరఫు వాళ్లు రెండు బైకుల మీద ఎదురొచ్చారు. పెళ్లిపిల్లను ఎవరో నల్ల కారులో ఎత్తుకుపోయారని చర్చిలో పుకారు పుట్టిందట. అయ్యగారు కీర్తన మీద కీర్తన పాడిస్తూ జనాన్ని కూర్చోబెట్టారు. పెళ్లికొడుకు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. సువార్త దిగి, "బండి చెక్ జేసినం," అని లోపలికి పోయింది. పెళ్లి బాగా జరిగింది. మధ్యాహ్నం మటన్, బగారా అన్నం. ఈ విషయంలో బోథ్‌కూ కరీంనగర్‌కూ తేడా లేదు.

భోజనాలయ్యాక మా ఆయన చేతులు శుభ్రంగా కడుక్కుని, పర్సు సర్దుకుని ఎస్తేరమ్మ ముందు కూర్చున్నాడు. ధర చెప్పమన్నాడు.

"అమ్మ బిడ్డా," అందామె. నాకు మొదట అర్థం కాలేదు. "అమ్మను. నడవని బండని అమ్ముదామనుకున్న. నడిచే బండిని ఎవలన్న అమ్ముతరా?"

"షెడ్డు పోతది గద అమ్మా?" అన్నాడు మా ఆయన.

"షెడ్డు పండుకున్న బండికి. నడిచేదానికి గేటు ముందట జాగ సాలు."

మూలన కూర్చున్న జబ్బార్ భాయ్ నేలను చూస్తూ తల ఊపాడు. మా ఆయన ఎదురు చెప్పడని నాకు తెలుసు. ఆ కారును ఆపడానికి అంత దూరం పోయిన నేను లేచి నిలబడ్డాను.

"గిది న్యాయం గాదమ్మా," అన్నాను. నా గొంతు క్లాసులో కూడా అంత లేవదు. "రెండొద్దులు కింద పండి చేసిండు. పదకొండేండ్లు పరాయోళ్ల బండ్లు నూకిన మనిషి. తాళం ముట్టనియ్యలేదు ఆయనను. గీ ఒక్క బండి మాకియ్యండ్రి. మా గేటు పలగ్గొట్టి పెద్దగ చేయిస్త."

ఎస్తేరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు జెప్పేది నిజమే బిడ్డా. నాది గూడ నిజమే. మా ఆయన పోయినంక దీని సప్పుడు నిన్ననే ఇన్న."

మా ఆయన జేబులోంచి తాళం తీశాడు. ఆమె చేతిలో పెట్టి, మూడేళ్ల పిల్లను అప్పజెప్పినట్టు జాగ్రత్తలు చెప్పాడు. "వారానికోపారి స్టార్ట్ చెయ్యాలె అమ్మా. ఊకె నిలబెట్టొద్దు. పొద్దుగాల చోక్ గుంజి, జర ఆగి, అటెన్క తిప్పాలె. జబ్బార్ భాయ్‌కి ఎరుకే." ఎస్తేరమ్మ సామాన్ల ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. రెండు తువ్వాలలు మాత్రం తీసుకున్నాడు.

తిరుగు బస్సు

బస్టాండులో నేను బస్సుల బోర్డులు చదువుతూ నిలబడ్డాను. మాట్లాడితే ఏడుస్తానని. ఎస్తేరమ్మ మీద కోపం, ఆమె మాట కొట్టిపారేయలేక నా మీద కోపం, కాగితం రాయించుకోని మా ఆయన మీద కోపం. బస్సెక్కాం. నాకు సున్నా టికెట్టు, ఆయనకు నిండు టికెట్టు.

బస్సు ఊరు దాటాక మా ఆయన నా వైపు తిరిగాడు. గోళ్లలో నల్లటి గ్రీజు ఇంకా పోలేదు.

"శనగ చేన్ల కాడ మూడో గేరు ఏసిన సూడు సుజాతా," అన్నాడు. "గప్పుడు బండి జర ముందటికి లాగింది. నేనేం తొందర పడలే. స్టీరింగ్ గట్టిగ పట్టుకున్న. రోడ్డు ఖాళీగుంది."

పదకొండేళ్లు ప్రతి శుక్రవారం ఫోటో పంపాడు కానీ ఒక్కసారీ ఇట్లా చెప్పలేదు. అప్పట్లో చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఆ కారులో వెనక సీట్లో నేనే ఉన్నాను, ప్రతి గేరూ నాకు తెలుసు.

"అటెన్క ఏమైంది?" అని అడిగాను.